గరాజులో మిల్లింగ్ మిషను

‘మిల్లు’ అనగానే మనకి గుర్తొచ్చేది ఊళ్ళో పిండిమర, లేకపోతే రైసుమిల్లు. ఈసారి మాట్లాడుకోబోయే మిల్లు వేరు. ఇది లోహాన్ని చెక్కే యంత్రం. లేత్ మిషను ఆటోనగర్‌లోనో ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులోనో చాలామంది చూసే ఉంటారు. లేత్‌లో పని తిరుగుతుంది, కట్టర్ కదలకుండా ఉంటుంది. మిల్లింగ్ మిషనులో దానికి తలకిందులు: కట్టర్ గిర్రున తిరుగుతుంది, దాని కింద బల్లకి బిగించిన పని ఎక్స్, వై, జెడ్ దిశల్లో కదులుతుంది. గుండ్రటి వస్తువులకి లేత్, పలకలకీ గాళ్ళకీ మిల్లు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

అమెరికాలో సొంత ఇల్లు, రెండు కార్ల గరాజు ఉన్నవాళ్ళకి ఈ సరదా అందుబాటులోనే ఉంది. ఇక్కడ మిల్లు అంటే ముందుగా చెప్పే పేరు బ్రిడ్జ్‌పోర్ట్. కనెక్టికట్ రాష్ట్రంలోని ఆ ఊళ్ళో రుడాల్ఫ్ బానో, మాగ్నస్ వాల్‌స్ట్రోమ్ అనే ఇద్దరు 1938లో తయారు చేసిన నమూనా ఇది. పాతవి ఇప్పటికీ దొరుకుతాయి. కానీ బరువు సుమారు ఒక టన్ను. పైగా చాలావాటికి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది, మన ఇళ్ళకి వచ్చేది సింగిల్ ఫేజ్. మధ్యలో వీఎఫ్‌డీ అనే పెట్టె పెడితే పని జరుగుతుంది. అంత అక్కర్లేదనుకుంటే చైనాలో తయారై ఇక్కడ రకరకాల పేర్లతో అమ్ముడయ్యే మినీ మిల్లులున్నాయి. ఇవి మామూలు 120 వోల్టుల ప్లగ్గు మీదే నడుస్తాయి.

బిగించటం

చిన్న మిల్లయినా ఒక్కరే ఎత్తే ప్రయత్నం చెయ్యకండి. బరువంతా పైన, తల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇట్టే తలకిందులవుతుంది. కారు ఇంజన్లు ఎత్తే హాయిస్టు అద్దెకి దొరుకుతుంది. ఊగని బల్ల మీద పెట్టి బోల్టులు బిగించాలి. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన జిడ్డుని మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి, పల్చటి నూనె రాయాలి. పెట్రోలు మాత్రం వద్దు. చాలా ఇళ్ళలో వాటర్ హీటర్ మంట ఆ గరాజులోనే వెలుగుతూ ఉంటుంది.

ట్రామింగ్

మిషను బిగించగానే కోత మొదలుపెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ముందు కట్టర్ తిరిగే ఇరుసు బల్లకి సరిగ్గా లంబంగా ఉందో లేదో చూడాలి. ప్లగ్గు పీకేసి, ఇరుసుకి ఒక చెయ్యిలాంటి కడ్డీ తగిలించి, దాని చివర డయల్ ఇండికేటర్ పెట్టి, బల్ల మీద 6 అంగుళాల వృత్తంలో చేత్తో తిప్పండి. ఎడమ పక్కకీ కుడి పక్కకీ 0.006 అంగుళాల తేడా కనిపిస్తే, అంగుళానికి ఒక వెయ్యోవంతు చొప్పున తల వాలిందన్నమాట. బోల్టులు వదులు చేసి, తేడా పోయేదాకా తలని జరపాలి. ముందు-వెనకల తేడాకి చిన్న మిల్లుల్లో స్తంభం కింద పల్చటి రేకులు పెట్టాలి. ఆ తర్వాత అదే ఇండికేటర్‌తో వైస్ కదలని దవడని ఎక్స్ దిశకి సమాంతరంగా సరిచెయ్యాలి. మొదటిసారి ఒక సాయంత్రమంతా పడుతుంది. ఇది తప్పితే ఆ పైన చేసే ప్రతి పనిలోనూ ఆ తప్పు కొనసాగుతుంది.

బ్యాక్‌లాష్

చక్రం తిప్పితే స్క్రూ తిరుగుతుంది, స్క్రూ బల్లని జరుపుతుంది. అంగుళానికి 20 మరలున్న స్క్రూ అయితే ఒక చుట్టుకి 0.050 అంగుళం. అయితే స్క్రూకీ నట్టుకీ మధ్య కాస్త సందు ఉంటుంది. దిశ మార్చినప్పుడల్లా ఆ సందు నిండేదాకా చక్రం తిరుగుతుంది గానీ బల్ల కదలదు. అందుకే కొలతకి ఎప్పుడూ ఒకే పక్కనుంచి రావాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి.

కట్టర్ పళ్ళు పనిని బల్ల కదిలే దిశకి ఎదురుగా నెట్టేలా కోస్తే ఆ సందు ఒకే పక్కన ఉండిపోతుంది. అదే దిశలో లాగేలా కోస్తే సందు ఉన్నంత మేరా పని ఒక్కసారిగా ముందుకి దూకి, కట్టర్ విరుగుతుంది.

వేగం

లెక్క సులువే: కోత వేగాన్ని నాలుగుతో గుణించి, కట్టర్ వ్యాసంతో భాగిస్తే ఆర్పీఎం వస్తుంది. హైస్పీడ్ స్టీలు కట్టర్‌తో మెత్తటి ఉక్కుకి నిమిషానికి 100 అడుగులు, అల్యూమినియానికి 250 అనుకుందాం. అర అంగుళం కట్టర్‌కి ఉక్కు మీద 800, అల్యూమినియం మీద 2000 వస్తాయి. చిన్న మిల్లుల మీద ఇంకాస్త తగ్గించి మొదలుపెట్టండి.

మొదటి పాఠం

రంపంతో కోసిన దిమ్మని ఆరు ముఖాలూ చదరంగా చెయ్యటం మొదటి అభ్యాసం. పైముఖం కోసి దానికి 1 అని పేరు పెట్టండి. 1ని వైస్ కదలని దవడకి ఆనించి, అటుపక్క గరుకు ముఖానికీ కదిలే దవడకీ మధ్య ఒక గుండ్రటి కడ్డీ పెట్టి బిగించి, 2 కొయ్యండి. కడ్డీ లేకపోతే గరుకు ముఖం దిమ్మని తనవైపు వాల్చేస్తుంది. 1 దవడకే ఆని ఉండగా 2ని కిందికి తిప్పి 3. తర్వాత 1ని కింద పెట్టి 4. చివర్న రెండు కొసల్నీ మూలమట్టంతో నిలబెట్టి కొయ్యాలి. ప్రతి అడుగూ ముందు రుజువైన ముఖం మీదే ఆధారపడుతుంది. లూప్ ఇన్వేరియంట్ చదువుకున్నవాళ్ళకి ఇది పరిచయమైన ఆలోచనే.

వేళ్ళు జాగ్రత్త

కళ్ళద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు, ఉంగరాలు, గొలుసులు, వేలాడే చున్నీలు, పొడుగు చేతుల చొక్కాలు వద్దు. తొడుగు కట్టర్‌కి చిక్కితే చెయ్యి కూడా దానితో పోతుంది. రజనుని చేత్తో తీయకండి. మిషను ఆపి, బ్రష్షుతో తుడవండి. కట్టర్ బిగించిన రెంచిని వెంటనే తీసెయ్యండి. పిల్లలున్న ఇంట్లో ప్లగ్గుకి తాళం పెట్టండి.

మరి సీఎన్సీ?

ప్రోగ్రామర్లం కదా, నేరుగా కంప్యూటర్ తగిలిద్దామనిపిస్తుంది. 1952లో ఎంఐటీలో అంకెలతో నడిచే మొదటి మిల్లుని ప్రదర్శించారు. ఈనాడు లినక్స్‌సీఎన్సీ ఉచితంగా దొరుకుతుంది. దాని మూలం అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌లో రాసిన ప్రోగ్రాము. జి-కోడ్ ఒక వారాంతంలో వస్తుంది. కానీ ‘జి01’ అని రాస్తే కట్టర్ వెళ్ళిపోతుంది, దారిలో వైస్ ఉందా అని అడగదు. వేగం ఎక్కువైతే వచ్చే కీచుమోత, చిప్స్ రంగు, చక్రంలో తెలిసే బరువు చేతికి అలవాటు కావాలంటే కొన్ని నెలలు చేత్తో తిప్పటమే దారి. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో సాయంత్రం మెషినింగ్ క్లాసులుంటాయి. మిషను కొనేముందు ఒక సెమిస్టరు అక్కడ చేరితే డబ్బూ వేళ్ళూ రెండూ మిగులుతాయి.