అనలాగ్ సింథసైజర్లు: ఏది ఎన్ని నాదాలు పలుకుతుంది, ఏది శ్రుతిలో నిలుస్తుంది?

వ్యాపార్ విహార్ (బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్): హావ్‌డా–ముంబయి రైలు మార్గంపై ఉన్న బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో ఉన్నాయి. ఇటువంటి ఊళ్లలో పండుగ పందిరిలోనూ, పెళ్లి వేదికపైనా, భజన కూటమిలోనూ ఒకే వాద్యంతో నెట్టుకురావలసిన కీబోర్డు కళాకారునికి అనలాగ్ సింథసైజర్ కొనడం చిన్న నిర్ణయం కాదు. టోకు వర్తకానికి పేరుపడిన వ్యాపార్ విహార్‌లో సరుకులకు కొదవ లేకపోవచ్చు గాని, సింథసైజర్ పాడైతే బాగుచేయగల నిపుణుని కోసం మహానగరాల వైపు చూడవలసిందే. అందువల్ల వాద్యం ఎన్ని రకాల నాదాలు పలుకుతుందన్న ప్రశ్నతో పాటు, ఎన్నాళ్లు మొరాయించకుండా పనిచేస్తుందన్న ప్రశ్నకూ సమానమైన బరువుంది.

అనలాగ్ సింథసైజర్‌లో నాదం విద్యుత్ వోల్టేజీ నుంచి పుడుతుంది. ఆసిలేటర్ మూలధ్వనిని సృష్టిస్తుంది, ఫిల్టర్ దానిలోని పదును తగ్గిస్తుంది లేదా పెంచుతుంది, ఆంప్లిఫయర్ హెచ్చుతగ్గులను తీర్చిదిద్దుతుంది. ఎక్కువ వాద్యాలలో ఒక స్థాయికి ఒక వోల్టు అన్నది లెక్క. మధ్యస్థాయి షడ్జమం నుంచి తారస్థాయి షడ్జమానికి వెళ్లాలంటే వోల్టేజీ సరిగ్గా ఒక వోల్టు పెరగాలి. స్థాయిలో 12 అర్ధస్వరాలు కనుక ఒక్కొక్క అర్ధస్వరం వాటా సుమారు 83 మిల్లీవోల్టులు. అర్ధస్వరాన్ని మళ్లీ 100 సెంట్లుగా విభజిస్తే, ఒక సెంటు విలువ ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు. శ్రుతి ఇంత సన్నని దారంపై వేలాడుతున్నదన్న మాట.

దీనికి తోడు ఉష్ణోగ్రత. వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల స్వభావం వేడిని బట్టి మారుతుంది. ఎటువంటి దిద్దుబాటూ లేని సర్క్యూట్‌లో ఒక డిగ్రీ సెల్సియస్ తేడాకు సుమారు 0.33 శాతం, అంటే స్థాయికి దాదాపు 4 సెంట్ల మేర స్వరాల మధ్య దూరం చెదురుతుంది. పది డిగ్రీలు మారితే 40 సెంట్లు. రెండు స్థాయులు దాటేసరికి పొరపాటు ముప్పావు అర్ధస్వరాన్ని మించుతుంది. తయారీదారులు వేడికి తగినట్టు తమ విలువను మార్చుకునే రెసిస్టర్లను అమర్చి ఈ దోషాన్ని చాలావరకు సరిదిద్దుతారు, పూర్తిగా కాదు. బిలాస్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. మధ్యాహ్నం శ్రుతి చేసిన వాద్యం రాత్రి కచేరీ నాటికి ఎక్కడ నిలుస్తుందన్నది ఇక్కడి వాదకునికి పుస్తకాల సందేహం కాదు. పాశ్చాత్య గీతంలో శ్రుతి రవంత జారినా వెచ్చదనంగా చెల్లిపోవచ్చు. వెనుక తంబూరా మోగుతుంటే మాత్రం అదే లోపం క్షణంలో పట్టుబడుతుంది.

భారతదేశంలో ఈ వాద్యం కథ అహ్మదాబాద్‌లో మొదలైందని చెప్పవచ్చు. 1969లో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పడానికి తోడ్పడ్డారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు దానిపై ప్రయోగాలు చేశారు. ఏళ్ల తరబడి మరుగున పడిన ఆ టేపుల నుంచి ఎంపిక చేసిన సంగీతం 2023లో ఆల్బమ్‌గా వెలువడింది. (రాబర్ట్ మోగ్ ఇంటిపేరును మనవారు తరచు మూగ్ అని చదువుతారు. ఆయన కుటుంబం పలికేది మోగ్ అనే. మూగ కన్నా మోగడమే ఆ వాద్యానికి తగిన మాట.) మాడ్యులర్ వాద్యంలో ఏ భాగాన్ని దేనితోనైనా తీగలతో కలపవచ్చు. నాదవైవిధ్యానికి దానిని మించినది లేదు. కాని ఒక అమరికను విప్పితే మళ్లీ అదే నాదాన్ని రాబట్టడం కష్టం. రెండు పాటల మధ్య అర నిమిషం విరామం ఉండే వేదికకు అది పనికిరాదు.

1970లో వచ్చిన మినీమోగ్ ఆ తీగల చిక్కును తొలగించింది. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ఎడమ చేతి కింద స్వరాన్ని వంచే చక్రం. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. మన సంగీతానికి అది లోపం కాకపోగా వరమే అయింది, ఎందుకంటే వీణకైనా వేణువుకైనా రాగం నడిచేది ఒక్క స్వరపంక్తి మీదనే. చక్రంతో జారు, ఊగు పలికించవచ్చు. హిందీ చిత్రసంగీతంలో ఈ వాద్యాన్ని ప్రవేశపెట్టిన ఘనత కేర్సీ లార్డ్‌కు దక్కుతుంది. అయితే తొలినాటి మినీమోగ్ ఆసిలేటర్లు శ్రుతి తప్పడంలోనూ పేరు మోశాయి. పైగా నాదాలను గుర్తుంచుకునే మెమరీ దానికి లేదు.

ఆ కొరతను 1978లో ప్రాఫెట్-5 తీర్చింది. ఐదు స్వరాలు ఒకేసారి, 40 నాదాల మెమరీ, మీట నొక్కగానే మైక్రోప్రాసెసర్ తానే శ్రుతి సరిచేసే ఏర్పాటు. ఇంత చేసినా తొలి రెండు రూపాలు తరచు మొరాయించేవి. 1980లో వేరే చిప్‌లతో వచ్చిన మూడవ రూపమే నమ్మదగినదిగా నిలిచింది. పేరును బట్టి కాక రూపాన్ని బట్టి కొనవలసిన వాద్యమిది. దాదాపు అదే కాలపు యమహా సీఎస్-80 వేళ్ల ఒత్తిడికి స్వరం స్వరానికీ విడివిడిగా స్పందించే అద్భుతం. దాని బరువు మాత్రం సుమారు వంద కిలోలు. రైలు పెట్టెలోకి ఎక్కించాలంటే కూలీలు కావాలి.

ముంబయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 వాద్యాలతో పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఆదరణ దక్కని ఆ ఆల్బమ్ 2010లో తిరిగి విడుదలై ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. రాగానికీ అనలాగ్ సింథసైజర్‌కూ పొత్తు కుదురుతుందా అని సందేహించేవారు మొదట వినవలసినది అదే.

శ్రుతి సమస్యకు అసలు మలుపు మరోచోట వచ్చింది. 1982 నాటి రోలాండ్ జూనో వరుసలో ఆసిలేటర్ వేగాన్ని డిజిటల్ గడియారం నియంత్రిస్తుంది, ఫిల్టర్ మాత్రం అనలాగ్‌గానే ఉంటుంది. ఎండాకాలమైనా స్వరం కదలదు. స్వరానికి ఒకే ఆసిలేటర్ కావడంతో నాదవైవిధ్యం కొంత తగ్గింది. విచిత్రమేమంటే, 1984 నాటి జూనో-106 శ్రుతి విషయంలో గట్టిదే అయినా, దానిలోని ఫిల్టర్ చిప్‌లు పైపూత కారణంగా కాలక్రమంలో చెడిపోతున్నాయి. 1983లో వచ్చిన డిజిటల్ యమహా డీఎక్స్7 ధాటికి ఆ తరం అనలాగ్ వాద్యాలన్నీ వెనుకబడ్డాయి.

గత దశాబ్దంన్నరలో అవి చిన్న రూపంలో తిరిగివచ్చాయి. 2013 నాటి కోర్గ్ ఎంఎస్-20 మినీ తీగల అమరికతో ప్రయోగాలకు అనువైనదే గాని మెమరీ లేదు. 2016లో వచ్చిన మినీలాగ్‌లో నాలుగు స్వరాలు, 200 నాదాల మెమరీ, తానే శ్రుతి చేసుకునే ఏర్పాటు ఉన్నాయి. దాని మీటలు సన్ననివి, హార్మోనియం చేతికి కొంత ఇబ్బంది. 2017 నాటి మోనోలాగ్ ఒక్క స్వరమే పలుకుతుంది. అయితే అది ఆరు బ్యాటరీలపై నడుస్తుంది. సమశ్రుతికి భిన్నంగా స్వరస్థానాలను మార్చుకునే వీలూ ఉంది. కరెంటు పోయే ఊరిలో, గాంధార నిషాదాలను తన చెవికి నచ్చినట్టు నిలుపుకోవాలనుకునే రాగ వాదకునికి ఇంతకన్నా తగినది ఈ జాబితాలో లేదు. తీగస్వరాలు పరచి పాటకు పక్కవాద్యం అందించేవారికి బెరింగర్ డీప్‌మైండ్ 12 మేలు. పన్నెండు స్వరాలు, జూనో తరహా స్థిరమైన ఆసిలేటర్లు, పూర్తి పరిమాణపు మీటలు దానికి అనుకూలతలు.

పాత వాద్యం కొనేవారు ముందుగా వెనుక పలకపై వోల్టేజీ అంకెను చదవాలి. జపాన్ మార్కెట్‌కు చేసినది 100 వోల్టులది, దానిని నేరుగా మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది. కోర్గ్ పాలీసిక్స్ వంటి వాటిలో మెమరీ బ్యాటరీ కారి సర్క్యూట్ బోర్డును తినేస్తుంది కనుక మూత విప్పించి చూడాలి. ఆ తర్వాత వాద్యాన్ని అరగంట వేడెక్కనిచ్చి, శ్రుతిపెట్టె పక్కన మంద్ర, మధ్య, తార షడ్జమాలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కి వినాలి. వీలైతే అది మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఆపి.