వేలు తీస్తే ఆరిపోయే దీపం

పిల్లలూ! ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ ప్రశ్న నాది కాదు, మా పదో తరగతి అమ్మాయిది.

ఒకరోజు దర్పణాల పాఠం చెబుతూ, కాంతిని ఒకే దిక్కుకు పంపే దర్పణం ఎలా ఉంటుందో చూపించడానికి మా నాన్న వాడిన పాత టార్చిలైటును తరగతికి తీసుకువెళ్ళాను. ఇత్తడి గొట్టం, మూడు బ్యాటరీలది. చేతికి బరువుగా ఉంటుంది. కాని వెలగదు. ఎందుకు వెలగదో తర్వాత చెబుతాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆ అమ్మాయి, "మాస్టారూ! వెలగని లైటును ఎందుకు దాచుకున్నారు? వెలిగినా మా అమ్మ ఫోను లైటంత బాగుండదు గదా!" అంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. సమాధానం మాత్రం వెంటనే తట్టలేదు.

ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. పాత టార్చి బల్బు ఒక వాట్ విద్యుత్తు తీసుకుంటే ఇచ్చే వెలుగు సుమారు 10 ల్యూమెన్లే. నేటి ఎల్.ఇ.డి. అదే వాట్‌కు 100 ల్యూమెన్లు దాటి ఇస్తుంది. బల్బుకిచ్చిన విద్యుత్తులో చాలా భాగం వేడిగా పోతుంది. లెక్క చూస్తే పాత టార్చి ఓడిపోయినట్టే.

అయినా నావంటి వాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. అమెరికాలో, ఇంగ్లండులో నూరేళ్ళనాటి టార్చీలను వెతికి, తుడిచి, భద్రం చేసుకునేవాళ్ళున్నారు. కొత్త లైట్లను వేల రూపాయలు పోసి కొనే అభిమానులు కూడా అలమారాలో ఒక మూల తమ చిన్ననాటి మసక లైటును దాచుకుంటారు. వాళ్ళకు మరీ ముద్దైనవి మొట్టమొదటి టార్చీలు. విచిత్రమేమంటే అవి సరిగా వెలిగేవే కావు!

న్యూయార్కులో స్థిరపడిన డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయుడికి 1899 జనవరి 10న ఒక పేటెంటు వచ్చింది. కాగితపు గొట్టం, అందులో ఒకదాని వెనుక ఒకటి పేర్చిన ఘటాలు, ఒక కొసన చిన్న బల్బు, దాని వెనుక మెరుగుపెట్టిన ఇత్తడి దర్పణం. ఇంతే. ఆ హక్కు కాన్రాడ్ హ్యూబర్ట్ నడుపుతున్న కంపెనీకి దక్కింది. ఈయన రష్యా సామ్రాజ్యంలోని మిన్స్క్ ప్రాంతం నుంచి అమెరికాకు వలస వచ్చినవాడు. అసలు పేరు అకీబా హోరోవిట్జ్. హ్యూబర్ట్ కొన్ని లైట్లను న్యూయార్కు పోలీసులకు ఊరికే ఇచ్చాడు. రాత్రి గస్తీలో అవి వాళ్ళకు బాగా నచ్చాయి. వాళ్ళ మంచిమాటే ఆయనకు ప్రకటన అయింది. (1928లో చనిపోయేనాటికి హ్యూబర్ట్ కోటీశ్వరుడు. ఆస్తిలో ఎక్కువ భాగాన్ని దానధర్మాలకు రాసిపోయాడు.)

ఆ లైటును నొక్కి పట్టుకుంటేనే వెలిగేది. వేలు తీస్తే ఆరిపోయేది. నొక్కి పట్టుకున్నా ఎక్కువసేపు నిలిచేది కాదు. అందుకే అమెరికావాళ్ళు దాన్ని 'ఫ్లాష్‌లైట్' అన్నారు. ఫ్లాష్ అంటే మెరుపు. చూశారా! పనిముట్టులోని లోపమే దానికి పేరైంది. ఆ లోపం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం నేటికీ మిగిలింది. మనం ఇంగ్లండువాళ్ళ మాట తీసుకున్నాం గనుక టార్చి అంటాం. టార్చి అంటే కాగడా.

మరి ఆ లైటు ఎందుకు నిలిచి వెలిగేది కాదు? తప్పు సగం బల్బుది, సగం ఘటానిది.

ముందు ఘటం సంగతి చూద్దాం. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ లెక్లాంచి చేసిన ఘటం ఒక గాజుజాడీ. అందులో నవాసాగరం కలిపిన నీళ్ళు, ఒక జింకు కడ్డీ, మాంగనీస్ డయాక్సైడు దట్టించిన పాత్రలో ఒక కార్బన్ కడ్డీ ఉండేవి. నవాసాగరం మీకు కొత్తదేమీ కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు గిన్నెను కాల్చి దూదితో రుద్దే తెల్లని పొడి అదే. రసాయన నామం అమ్మోనియం క్లోరైడు. జాడీని వంచితే నీళ్ళు ఒలికిపోతాయి. దాన్ని చేత్తో పట్టుకుని చీకట్లో నడవడం అయ్యే పనేనా? జర్మనీలో కార్ల్ గాస్నర్ అనే వైద్యుడు 1886లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. నీళ్ళను ముద్దగా మార్చి, జింకునే డబ్బాగా చేసి, అన్నీ అందులోనే కూరాడు. ఇదే అనార్ద్ర ఘటం. మనం బజారులో బ్యాటరీ అని అడిగి తెచ్చుకునే లావు ఘటం, అంటే 'డి' సైజుది, 1898లో అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ తయారుచేసింది. టార్చి పుట్టడానికి సరిగ్గా ఒక ఏడాది ముందు! (మాట వరసకు బ్యాటరీ అంటాం గాని, పరీక్షలో మాత్రం ఒక్కదాన్ని ఘటమనీ, కొన్ని కలిస్తేనే బ్యాటరీ అనీ రాయండి.)

ఘటంలో జింకు కరుగుతూ ఎలక్ట్రానులను విడుస్తుంది. అవి బల్బు గుండా ప్రయాణించి కార్బన్ కడ్డీ చేరి, దాని చుట్టూ ఉన్న మాంగనీస్ డయాక్సైడుకు అందుతాయి. కార్బన్ కడ్డీ దారి మాత్రమే, అది అరగదు. చిక్కల్లా ఎక్కడంటే, గబగబా విద్యుత్తు లాగితే కడ్డీ చుట్టూ చర్యవల్ల పుట్టిన పదార్థాలు పేరుకుపోయి అడ్డుపడతాయి. దీన్ని పోలరైజేషన్ అంటారు. అవి చెదిరిపోవడానికి కాస్త సమయం కావాలి. అందుకే లైటును ఆర్పి కాసేపు ఆగితే మళ్ళీ ప్రకాశంగా వెలుగుతుంది. మన పల్లెల్లో నీరసించిన బ్యాటరీలను ఎండలో పెట్టడం మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఎండ వాటిలోకి కొత్త శక్తిని నింపదు. వేడికి లోపలి చర్య చురుకవుతుంది, మిగిలిన కొద్ది శక్తీ బయటికి వస్తుంది, అంతే.

ఇక బల్బు. నాటి బల్బులో తంతువు కార్బనుది. విద్యుత్తు చాలా తింటుంది, వెలుగు కొంచెమే ఇస్తుంది. 1910 ప్రాంతంలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ లోహాన్ని సన్నని తీగగా లాగే పద్ధతి సాధించాడు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు గనుక దాన్ని ఎక్కువ వేడిచేయవచ్చు, ఎక్కువ వెలుగు రాబట్టవచ్చు. ఘటాలూ మెరుగయ్యాయి. అప్పటినుంచి మెరుపు లైటు దీపమైంది.

హ్యూబర్ట్ తన సరుకుకు పెట్టిన 'ఎవర్ రెడీ' అనే పేరే తర్వాత మన పల్లెలదాకా వచ్చింది. ఆ పేరుతో మన దేశంలో కంపెనీ ఏర్పడింది 1934లో. 1972లో మరొక కంపెనీ ఏర్పడి మన నెల్లూరులోనే 'నిప్పో' బ్యాటరీలు చేయసాగింది.

నేను పుట్టిన ఊరు డెల్టాలో కాలువ కింది ఊరు. నీటి వంతు అర్ధరాత్రి వచ్చినా రైతు వెళ్ళి మడవ తీసుకోవలసిందే. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక చేత్తో పార, ఒక చేత్తో టార్చి పట్టుకుని బయలుదేరేవాడు. ఆ లైటు మీట ముందుకు తోస్తే నిలిచి వెలుగుతుంది. అయినా నాన్న పక్కనున్న ఎర్ర మీటనే నొక్కి వదిలేవాడు. నాలుగడుగులకు ఒక మెరుపు. బ్యాటరీలు ఖరీదు గనుక పొదుపు. న్యూయార్కు పోలీసు లోపంవల్ల చేసిన పనినే మా నాన్న పొదుపుకోసం చేశాడన్నమాట.

1981లో నాకు పదేళ్ళు. ఒక సాయంత్రం దుప్పటి కప్పుకుని, వేళ్ళమధ్యనుంచి ఎర్రగా వచ్చే వెలుగు చూస్తూ ఆ టార్చిని చాలాసేపు వెలిగించి ఆడుకున్నాను. ఆ రాత్రే మాకు నీటి వంతు. నాన్న గట్టు మీద నడుస్తూ నొక్కితే చింతనిప్పులాంటి వెలుగే వచ్చిందట. ఎక్కడో బుస వినిపించింది. కదలకుండా నిలబడి మళ్ళీ నొక్కితే, రెండడుగుల దూరంలో చుట్టలా ఏదో ఉంది. రక్తపింజర. అది తనంతట తాను పక్కకు జరిగేదాకా అలాగే నిలబడ్డాడట. తెల్లవారి అమ్మతో చెబుతుంటే విన్నాను. నన్ను ఒక్క మాటా అనలేదు. "అబ్బాయ్! లైటుతో ఆడితే ఆడు, ఆడానని చెప్పు. నేను కొత్త బ్యాటరీలు వేసుకుంటాను" అన్నాడు, అంతే.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలున్న చోట్లలో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చీకట్లో పొలం వెళ్ళే మనిషికి చేతిలో ఉన్నది ఏ లైటైనా సరే, అది వెలగాలి. ఈ విషయంలో నేను ఎల్.ఇ.డి. పక్షమే. మా నాన్నకు ఆనాడు అది ఉంటే ఎంత బాగుండేది!

కాని పాత బల్బుకు ఒక నిజాయితీ ఉంది. శక్తి తగ్గుతుంటే పసుపు నారింజ అవుతుంది, నారింజ ఎరుపవుతుంది. తంతువు చల్లబడిన కొద్దీ రంగు మారడం మీరు చదివిందే. అంటే ముందుగా చెబుతుంది. నేటి లైట్లు చాలా వాటిలో లోపలి సర్క్యూటు చివరిదాకా వెలుగును ఒకే తీరుగా నిలిపి, హఠాత్తుగా ఆరిపోతుంది. రెండోది రంగుల సంగతి. తెల్లని ఎల్.ఇ.డి.లో నిజానికి ఉన్నది నీలి ఎల్.ఇ.డి. (దానికే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ బహుమతి వచ్చింది.) నీలి కాంతిలో కొంత భాగాన్ని పైనున్న పూత పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా తోస్తాయి. కాని ముదురు ఎరుపు పాలు తక్కువ. తంతువు బల్బు కాంతిలో ఎరుపు పుష్కలం. వస్తువుల రంగులను ఎంత సరిగా చూపుతుందో చెప్పే సూచికలో బల్బుకు దాదాపు 100 మార్కులు, మామూలు ఎల్.ఇ.డి.కి 70, 80. తమాషా ఏమంటే నేటి లైట్ల అభిమానులు ఎక్కువ డబ్బిచ్చి కొనేది ఏదనుకున్నారు? పాత బల్బులాగా రంగులు చూపే ఎల్.ఇ.డి.!

ఇక నా టార్చి ఎందుకు వెలగదో చెప్పాలి. నాన్న 2009లో పోయారు. లైటును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. బ్యాటరీలు తీయలేదు. సైన్సు మాస్టారిని, తెలిసి తెలిసీ తీయలేదు! 2021లో దించి చూస్తే అడుగు మూత ఎంతకీ తిరగలేదు. బలవంతాన తీస్తే ఇత్తడి అంతా పచ్చగా చిలుము పట్టి, తెల్లటి పొడి రాలింది. ఘటానికి డబ్బా కూడా జింకే గదా. జింకు తినబడుతూ పోతే డబ్బాకు చిల్లులు పడతాయి, లోపలి క్షారంకాని పులుపు ముద్ద బయటికి కారుతుంది. కింది ఘటం ఉబ్బి గొట్టానికి అతుక్కుపోయింది. వంటసోడా నీళ్ళు పోశాను, కర్రతో తట్టాను, రాలేదు. మీ ఇంట్లో అలాంటి లైటు ఉంటే ఈరోజే విప్పి ఘటాలు తీసేయండి. చిన్నప్పుడు మేము వాటిని పగలగొట్టి నల్లపొడిని ఆకుపసరుతో కలిపి పలకలకు పూసేవాళ్ళం. మీరు ఆ పని చేయకండి. ఫోనుల్లో, ఛార్జింగు లైట్లలో ఉండే లిథియం ఘటాన్నైతే అసలు గుచ్చకూడదు, మంటలు వస్తాయి.

పై భాగం మాత్రం పాడవలేదు. దర్పణం, బల్బు బాగున్నాయి. మర్నాడు వాటిని విప్పి తరగతికి తెచ్చాను. పిల్లలు చార్టు కాగితాన్ని గొట్టంగా చుట్టారు. మూడు కొత్త ఘటాలు, ఒక రాగితీగ, డబ్బా రేకు ముక్కతో ఒక మీట. 1899 నాటి లైటు మళ్ళీ తయారైంది. కిటికీలు మూశాం. ప్రశ్న అడిగిన అమ్మాయి చేతికే ఇచ్చాను. రేకు మీద వేలు నొక్కగానే గోడమీద పసుపుపచ్చని వలయం, మధ్యలో మచ్చ. వేలు జారింది, ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది.

తర్వాత తనే ఒక ప్రయోగం చేసింది, నేను చెప్పలేదు. అరచేతిమీద ఒకసారి నా ఫోను లైటు వేసుకుంది, ఒకసారి ఈ లైటు వేసుకుంది.

"మాస్టారూ! గోరింటాకు దీంట్లోనే ఎర్రగా ఉంది" అంది.