ఇంజనుకు కాపలా కాసే కంప్యూటరు

కిరోసిన్ లాంతరు వెలిగించినవారికి ఒక సంగతి తెలుసు. వత్తిని ఒక్కసారిగా పైకి తిప్పితే మంట ఎగసి చిమ్నీకి మసి పడుతుంది. గభాలున కిందికి దించితే దీపం ఆరిపోతుంది. ఆకాశంలో ఎగిరే జెట్ విమానం ఇంజనుకూ ఇలాంటి చిక్కే ఉంది.

జెట్ ఇంజనులో ముందుండే కంప్రెసర్ గాలిని కుదించి దహన గదిలోకి పంపుతుంది. అక్కడ ఇంధనం మండి, ఆ వేడి వాయువులు వెనుకనున్న టర్బైనును తిప్పుతాయి. కంప్రెసర్‌ను తిప్పేది ఆ టర్బైనే. తొందరపడి ఇంధనం ఎక్కువగా వదిలామనుకోండి. కంప్రెసర్ వేగం అందుకోకముందే దహన గదిలో ఒత్తిడి పెరిగి, గాలి వెనక్కు తన్నుతుంది. దీన్నే 'సర్జ్' అంటారు. టర్బైను రెక్కలు మాడిపోయే ప్రమాదమూ ఉంది. ఇంధనం మరీ తగ్గిస్తే మంటే ఆరిపోతుంది. మరి ఎంత ఇంధనం సరైనది? ఎత్తు, చలి, విమాన వేగం మారినప్పుడల్లా జవాబు మారుతుంది!

పూర్వం ఈ లెక్కను కామ్‌లు, స్ప్రింగులు, లీవర్లతో నిండిన ఒక పెట్టె చూసుకునేది. అదొక ఇనుప కంప్యూటరు అన్నమాట. ఎంత తెలివిగా తయారుచేసినా లోపలి భాగాలు అరుగుతాయి. అప్పుడు మెకానిక్కులు ఇంజనును నేలమీద నడిపి మరలు సర్దవలసి వచ్చేది. పైలట్ కూడా మీటర్లు చూస్తూ లీవరును అటూ ఇటూ జరుపుతుండాలి.

1976లో ప్రయాణీకులతో ఎగరసాగిన కాంకార్డ్ ఇంజన్లకు ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉండేది. అయితే అది వోల్టేజి హెచ్చుతగ్గులతో పనిచేసేది, అంకెలతో కాదు. పూర్తి డిజిటల్ నియంత్రణ గల ఇంజను ప్రయాణీకుల విమానానికి వచ్చింది 1984లో. అది బోయింగ్ 757కు అమర్చిన ప్రాట్ అండ్ విట్నీ వారి పి.డబ్ల్యు.2037.

ఇక్కడ పైలట్ లీవరు కేవలం "ఇంత బలం కావాలి" అని అడుగుతుంది. ఎంత ఇంధనం, ఎంత వేగంగా వదలాలన్నది కంప్యూటరు పని. ఇది ఉష్ణోగ్రత, ఒత్తిడి, వేగాలను సెకనుకు ఎన్నోసార్లు చదివి, హద్దు దాటకుండా కావలసినంతే వదులుతుంది. అందువల్ల ఇంధనం ఆదా, ఇంజనుకు ఆయుష్షు. మరి కంప్యూటరే చెడిపోతే? అందుకే లోపల రెండు ఉంటాయి. ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. వాటికి కరెంటు ఇచ్చే చిన్న జనరేటరును ఇంజనే తిప్పుతుంది కనుక, విమానంలో కరెంటు పోయినా ఇవి పనిచేస్తాయి.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఈ కంప్యూటరుకు సరైన అంకెలు ముందుగా మనం అందించాలి. 2015 మే 9న స్పెయిన్‌లోని సెవిల్ దగ్గర ఎ400ఎం అనే సైనిక రవాణా విమానం పరీక్ష కోసం పైకి లేచింది. దాని నాలుగు ఇంజన్లలో మూడింటి కంప్యూటర్లలో ఉండవలసిన కొన్ని అంకెలు, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు చెరిగిపోయాయి. ఆ మూడు ఇంజన్లూ పైలట్ మాట వినలేదు. విమానం కూలి, అందులోని ఆరుగురిలో నలుగురు మరణించారు.