ఖాళీ కావడానికే పుట్టిన బ్యాటరీ

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు దగ్గర్లో, క్వార్ట్‌సైట్ అని చిన్న ఊరుంది. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల మనిషి అలికిడి ఉండదు. జనవరి వచ్చిందంటే మాత్రం ఊరి చుట్టూ ఉన్న ప్రభుత్వ ఎడారి భూముల్లో వేలాది ట్రావెల్ ట్రైలర్లు వచ్చి దిగుతాయి. ట్రైలరంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అందులోనే. ఉత్తరాది మంచుకు దడిసి వచ్చిన పెద్దవాళ్లే ఎక్కువ. అక్కడ కరెంటు స్తంభం లేదు, కుళాయి లేదు. పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి ఎముకలు కొరికే చలి. కొత్తగా ట్రైలర్ కొన్నవాళ్లకు తెల్లవారుజామున నాలుగింటికి ఒక వింత ఎదురవుతుంది. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటుంది, హీటర్ మాత్రం వెలగదు. ఫ్యాను మూలుగుతూ నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది.

ఆ హీటర్ లోపల పల్చటి రేకు ముక్క ఒకటి ఉంటుంది. ఫ్యాను గాలి దాన్ని నెడితేనే స్విచ్చి కలుస్తుంది, స్విచ్చి కలిస్తేనే గ్యాసు వదులుతుంది. గాలి ఆడకుండా మంట అంటుకుంటే ప్రమాదమని పెట్టిన కాపలా అది. బ్యాటరీ నీరసించింది, ఫ్యాను వేగం తగ్గింది, రేకు కదల్లేదు. అంతే సంగతి. పక్కన సిలిండర్ నిండా గ్యాసు పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని వణకాలి.

నిన్న సాయంత్రం బ్యాటరీ ఫుల్లుగానే ఉంది. దాని స్టిక్కరు మీద 'మెరైన్, ఆర్‌వీ, డీప్ సైకిల్' అని పెద్ద అక్షరాలున్నాయి. కింద చిన్న అక్షరాల్లో, ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇది ఎన్ని వందల ఆంపియర్లు ఇస్తుందో కూడా రాసి ఉంది. ట్రైలర్‌కు ఇంజనే లేనప్పుడు ఆ గొప్ప ఎందుకు? కిటుకంతా అక్కడే ఉంది. అది అర్థం కావాలంటే సీసం బ్యాటరీ పుట్టుక దాకా వెళ్లాలి.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రెండు సీసపు రేకుల్ని, మధ్యలో అవి తగలకుండా అడ్డుపెట్టి, చుట్టగా చుట్టి, పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కించాడు, దించాడు, మళ్లీ ఎక్కించాడు. అంతకు ముందు వాడుకలో ఉన్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే కరెంటుతో మళ్లీ నిండేవి కావు. ఇది మళ్లీ నిండింది. మరుసటి ఏడు తొమ్మిది సెల్లుల బ్యాటరీని ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. చిక్కల్లా ఏమిటంటే, సీసపు రేకు పైపొర పనికొచ్చేలా తయారు కావాలంటే నెలల తరబడి ఎక్కిస్తూ దించుతూ ఉండాలి. ఇరవయ్యేళ్ల తర్వాత కామీ ఫోర్ ఆ తిప్పలు తప్పించాడు. సీసపు సింధూరాన్ని ఆమ్లంతో ముద్దగా కలిపి పలక మీద మెత్తాడు. నేటికీ కార్ల బ్యాటరీల్లో ఉన్నది ఆ మెత్తిన ముద్దే.

1881లో ఫోర్ సెల్లుల పెట్టె ఒకటి పారిస్ నుంచి గ్లాస్గోలో ఉన్న సర్ విలియం థామ్సన్ దగ్గరికి చేరింది. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయినది ఆయనే. పది లక్షల ఫుట్ పౌండ్ల శక్తిని పెట్టెలో పెట్టి పంపారని ఆయన తెగ మురిసిపోయి పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ కరెంటుతో తీగను కాల్చి, ఆయన సహచరుడైన సర్జన్ ఒక పిల్లవాడి నాలుక మీది కణితిని తీసేశాడు కూడా. నేటి లెక్కల్లో ఆ పెట్టెలో ఉన్నది సుమారు 375 వాట్ అవర్లు. క్వార్ట్‌సైట్‌లో ఒక్క రాత్రి హీటర్ ఫ్యాను తిరగడానికి అది చాలదు.

ఇక్కడ గమనించాల్సింది, ఆ తొలి బ్యాటరీలన్నీ నిదానంగా, గంటల తరబడి ఖాళీ కావడానికి తయారైనవే. తర్వాత వచ్చిన ఎలక్ట్రిక్ కార్ల పనీ అదే. హెన్రీ ఫోర్డ్ లోకానికంతా పెట్రోలు కార్లు అమ్ముతుంటే ఆయన భార్య క్లారా మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు నడుపుకునేది. పెట్రోలు కారు స్టార్ట్ చేయాలంటే ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లలో రావడంతో ఆ బాధ తీరింది. ఎలక్ట్రిక్ కారు వెనకబడింది. బ్యాటరీ మాత్రం ఉద్యోగం మారింది: రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంపియర్లు గుమ్మరించడం, మిగతా సమయమంతా ఇంజన్ తిప్పే జనరేటర్ పెట్టింది తింటూ కూర్చోవడం.

ఆ కొత్త ఉద్యోగానికి తగ్గట్టు ఒళ్లూ మారింది. ఒక్కసారిగా అంత కరెంటు రావాలంటే ఆమ్లానికి తగిలే వైశాల్యం ఎక్కువుండాలి. అందుకని పలకలు పల్చబడ్డాయి, సంఖ్య పెరిగింది. ఒక్కసారి స్టార్ట్ చేస్తే ఖర్చయ్యేది మొత్తంలో నూటికి ఒకటో రెండో వంతులు. అలాంటిదాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే ఏమవుతుంది? కరెంటు ఇస్తున్నకొద్దీ పలకల మీది ముద్ద సీసం సల్ఫేటుగా మారి ఉబ్బుతుంది, చార్జ్ అయ్యేటప్పుడు మళ్లీ కుంచించుకుంటుంది. ఎంత లోతుగా దించితే అంత ఉబ్బు. ఈ సాగుడుకీ కుంగుడుకీ పాజిటివ్ పలక మీది ముద్ద పాత గోడ సున్నంలా పెచ్చులూడి అడుక్కి చేరుతుంది. పల్చటి పలక కొన్ని పదుల సార్లకే చేతులెత్తేస్తుంది. లోతుగా దించినా తట్టుకునేలా చేసిన డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు మందంగా, ముద్ద దట్టంగా ఉంటాయి. పలకల జల్లెడలో సీసానికి యాంటిమొనీ కలుపుతారు. అది ముద్దను గట్టిగా పట్టి ఉంచుతుంది, కాకపోతే నీళ్లు తాగుతుంది. అప్పుడప్పుడూ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడం దాని పుణ్యమే.

మన ఊళ్లలో ఈ తేడా జనానికి అనుభవం మీదే తెలిసింది. కరెంటు కోతల రోజుల్లో ఇన్వర్టర్‌కు లారీ బ్యాటరీ తగిలించినవాళ్లు ఏడాది తిరక్కుండా మళ్లీ షాపుకెళ్లారు. తర్వాత ట్యూబులర్ బ్యాటరీలొచ్చాయి. అందులో పాజిటివ్ ముద్దను పలక మీద మెత్తకుండా సన్నటి గొట్టాల్లో కూరతారు, ఊడిపోయే దారే ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ కింద కూర్చున్న ఆ బరువైన డబ్బా, క్వార్ట్‌సైట్ ట్రైలర్ ముక్కు మీద ఉండాల్సిన బ్యాటరీ ఒకే వంశం.

ట్రైలర్‌తో పాటు డీలరు ఇచ్చేది అలాంటిది కాదు. పడవలకు పనికొస్తుందని స్టార్టింగ్ బ్యాటరీకీ డీప్ సైకిల్ బ్యాటరీకీ మధ్యరకంగా తయారుచేసిన సరుకది. పడవలో ఇంజనూ స్టార్ట్ కావాలి, దీపాలూ వెలగాలి కనుక అక్కడ అది సబబే. ట్రైలర్‌లో మాత్రం అటూ ఇటూ కాని బతుకు. నా మాట అడిగితే, స్టిక్కరు మీద స్టార్టింగ్ ఆంపియర్ల సంఖ్య గొప్పగా కనపడితే ఆ బ్యాటరీని షాపులోనే వదిలేయడం మంచిది. ఆంపియర్ అవర్లు రాసి ఉందా, అదీ ఎన్ని గంటల లెక్కన, అన్నదే చూడాలి.

ఎన్ని గంటల లెక్కన అనడం చాదస్తం కాదు. 1897లోనే పాయికర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు: సీసం బ్యాటరీని ఎంత తొందరగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. ట్రైలర్ల వాళ్లు ఇష్టంగా కొనే ట్రోజన్ టీ-105 అనే 6 వోల్టుల బ్యాటరీనే తీసుకోండి. 20 గంటల్లో ఖాళీ చేస్తే 225 ఆంపియర్ అవర్లు, 5 గంటల్లో చేస్తే 185. బ్యాటరీ అదే, బరువు అదే, 28 కిలోలు.

ఆ టీ-105 వచ్చింది గోల్ఫ్ మైదానం నుంచి. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 1925లో మొదలైన ట్రోజన్ కంపెనీ 1952లో ఆటోయెట్ అనే చిన్న బండి కోసం గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ తయారుచేసింది. గోల్ఫ్ బండి పగలంతా తిరిగి బ్యాటరీని పిండేస్తుంది, రాత్రి షెడ్డులో చార్జింగ్‌కు పెడతారు, పొద్దున్న మళ్లీ అదే పని. ట్రైలర్‌కు కావాల్సిందీ అదే దినచర్య. రెండు 6 వోల్టుల బ్యాటరీల్ని సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, 225 ఆంపియర్ అవర్లు. వీటి ఎత్తు కాస్త ఎక్కువ కనుక ట్రైలర్ ముందున్న పాత పెట్టెలో పట్టకపోవచ్చు, కొలిచి చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది, జంటలో ఒకటి పోతే రెండోదీ దండగే.

ఎంత కావాలో తేల్చేది ఆ రాత్రి లెక్కే. హీటర్ ఫ్యాను 7, 8 ఆంపియర్లు లాగుతుంది. పది గంటల చలిరాత్రిలో సగం సేపు తిరిగితే 35 నుంచి 40 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్ గ్యాసు మీద నడిచినా దాని కంట్రోల్ బోర్డుకు కరెంటు కావాలి. గ్యాస్ లీకైతే అరిచే అలారం పగలూ రాత్రీ కొద్దికొద్దిగా నాకుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిసి రోజుకు 15 దాకా. నీళ్ల పంపు ఆర్భాటం ఎక్కువే గానీ నడిచేది నిమిషాలే. పాతకాలం బల్బు ఒక్కోటీ ఒకటిన్నర ఆంపియర్ తినేది, ఎల్‌ఈడీలు పెడితే దీపాల ఖర్చు లెక్కలోకే రాదు. ఇన్వర్టర్ మీద వెయ్యి వాట్ల కాఫీ మేకర్ పది నిమిషాలు నడిపితే ఇంకో 15. అన్నీ కూడితే రోజుకు 70 ఆంపియర్ అవర్లకు అటూ ఇటూగా తేలుతుంది. ఏసీ మాట ఇక్కడ ఎత్తకండి, 1,500 వాట్లంటే గంటకు 125 ఆంపియర్ అవర్ల పైమాటే.

డీలరు ఇచ్చిన 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడొచ్చనుకుంటే 40. తెల్లవారుజామున ఫ్యాను ఎందుకు మూలిగిందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. గోల్ఫ్ జంటలో సగమంటే 112, ఒక రాత్రి పగలు సులువుగా గడుస్తాయి. మూడో పొద్దుకు మళ్లీ నింపుకోవాలి.

సగానికి మించి వాడకూడదన్న సూత్రాన్ని జనం శాసనంలా పాటిస్తారు గానీ, అది ఆయుష్షుకూ అవసరానికీ మధ్య కుదుర్చుకున్న బేరం మాత్రమే. 12.1 వోల్టుల దగ్గర సగం, 12.7 దగ్గర నిండు. లోడు తీసేసి కొన్ని గంటలు ఆగి చూస్తేనే ఆ అంకెలు నిజం చెబుతాయి. ఒకరోజు 40 శాతానికి దిగినంత మాత్రాన కొంప మునగదు. సగం ఖాళీతో వారాల తరబడి వదిలేయడమే అసలు పాపం. అప్పటిదాకా మెత్తగా ఉన్న సల్ఫేటు గట్టి స్ఫటికాలై పేరుకుపోతుంది, ఇక కరెంటుకు లొంగదు. ట్రైలర్‌ను షెడ్డులో పెట్టి తాళమేసి వెళ్లిపోతే, ఆ గ్యాస్ అలారం ఒక్కటే రోజుకు రెండున్నర ఆంపియర్ అవర్ల చొప్పున తాగుతూ నెల రోజుల్లో 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీని అడుగంటిస్తుంది. పైగా ఖాళీ బ్యాటరీలో ఆమ్లం దాదాపు నీళ్లే కనుక గడ్డకట్టి డబ్బా పగిలే ప్రమాదం ఉంది. వైరు తీసి పెట్టడానికి పట్టేది ఒక నిమిషం.

నింపడమూ తేలిక కాదు. ట్రైలర్‌లో వచ్చే పాత చార్జర్లు 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి, టీ-105 పూర్తిగా నిండాలంటే 14 దాటి ఇంకా పైకెళ్లాలి. చివరి ఇరవై శాతం ఎంత తొందరపెట్టినా గంటల తరబడి నెమ్మదిగానే ఎక్కుతుంది. జాతీయ పార్కుల్లో జనరేటర్‌కు రోజుకు కొన్ని గంటలే అనుమతి. ఎనభై దాకా వచ్చేసరికి ఆపేయమంటారు. ఆ చివరి మెట్టు ఎక్కించడానికి సోలార్ పలకను మించింది లేదు. అరిజోనా ఎండలో 100 వాట్ల పలక రోజుకు 25, 30 ఆంపియర్ అవర్లు తెస్తుంది.

గ్లాస్ మ్యాట్‌లో ఆమ్లాన్ని పీల్పించిన ఏజీఎం రకానికి నీళ్లు పోయక్కర్లేదు, మంచం కిందైనా పెట్టుకోవచ్చు. ఖరీదు ఎక్కువ, లోపల మాత్రం అదే సీసం. కొన్నేళ్ల క్రితం అయితే దాని గురించి ఇంకో పేజీ రాయాల్సి వచ్చేది.

ఆ అవసరం లేకుండా చేసింది టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి 1997లో వెలువడిన ఒక పత్రం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మూలం అదే. దాని మీద మూడు పేర్లున్నాయి: పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి ఇద్దరూ మన దేశం వాళ్లు. మూడో ఆయనకు 97 ఏళ్ల వయసులో, 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇనుము, ఫాస్ఫేటు రెండూ చవక. ఫాస్ఫరస్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక మిగతా లిథియం రకాల్లా తేలిగ్గా మంటల పాలు కాదు.

సెల్లు 3.2 వోల్టులు. నాలుగు కలిపితే 12.8, అచ్చంగా సీసం బ్యాటరీ ఉన్న చోట కూర్చోబెట్టొచ్చు. 100 ఆంపియర్ అవర్ల డబ్బా 13 కిలోలకు అటూ ఇటూ, అందులో దాదాపు అంతా వాడుకోవచ్చు. 56 కిలోల గోల్ఫ్ జంట ఇచ్చేదానికి ఇది కాస్త తక్కువ, అంతే. బ్యాటరీ బరువు ట్రక్కు హుక్కు మీదే పడుతుంది కనుక లాగేవాడికి ఈ తేడా పండగే. సగం నిండి మూలన పడున్నా దీనికి కోపం రాదు. కొన్ని బ్రాండ్లు ఇప్పుడు ఆ జంట ధరకే దొరుకుతున్నాయి.

దీని పేచీలు వేరు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహంగా పేరుకుని సెల్లు పాడవుతుంది. అందుకే లోపలి కాపలా సర్క్యూట్ చలిలో చార్జింగ్ ఆపేస్తుంది. మంచు ప్రాంతాలకు వెళ్లేవాళ్లు బ్యాటరీని ట్రైలర్ లోపలికి మార్చాలి, లేదా హీటర్ పొర ఉన్నది కొనాలి. ఇక వోల్ట్‌మీటర్ దీని ముందు గుడ్డిదే. 90 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా ఇంచుమించు అదే అంకె చూపిస్తుంది. వైరులో షంట్ పెట్టి వచ్చిందీ పోయిందీ లెక్కపెట్టే మీటరు కావాలి. పాత చార్జర్ మార్చాలి. ట్రక్కు ఆల్టర్నేటర్ నుంచి నింపుకోవాలంటే మధ్యలో డీసీ-డీసీ చార్జర్ పెట్టాలి. బ్యాటరీ ధర మాత్రమే చూసి బయల్దేరినవాళ్లకు ఈ పక్క ఖర్చులు గుచ్చుకుంటాయి. ఏడాదికి రెండుసార్లు, అదీ కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంప్‌గ్రౌండ్లకే వెళ్లేవాళ్లయితే గోల్ఫ్ జంట కొనుక్కుని, నీళ్లు చూసుకుంటూ నిశ్చింతగా ఉండొచ్చు. క్వార్ట్‌సైట్ లాంటి చోట వారాల తరబడి మకాం వేసేవాళ్లు లిథియం కొనడమే న్యాయం. గోల్ఫ్ బండ్ల కంపెనీలే అటు మళ్లాయి, ట్రోజన్ కూడా లిథియం అమ్ముతోంది.

ఏది కొన్నా ట్రైలర్‌ను బ్యాటరీ లేకుండా రోడ్డెక్కించకూడదు. ట్రక్కు నుంచి హుక్కు ఊడితే ట్రైలర్ ముందున్న చిన్న పిన్ను లాగేసి, దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే ఏర్పాటు ఒకటుంది. ఆ బ్రేకులకు కరెంటు ఇచ్చేది ఈ బ్యాటరీయే.