పసిబిడ్డలును కలరా ఉండలును

చీరల పెట్టెలో పురుగు కొట్టకుండ కలరా ఉండలు వేయుట మన యిండ్లలో పరిపాటి. పుట్టబోవు బిడ్డకై దాచిన మెత్తని పాతగుడ్డలును ఆ పెట్టెలోనే యుండును. అవి కొందఱు శిశువులకు ప్రాణాపాయము దెచ్చునన్నచో సోదరీమణులు నమ్మకపోవచ్చును. కారణ మెఱుగవలెనన్న, రక్తములోని ఎఱ్ఱకణము తన్ను తాను కాపాడుకొను విధమును ముందు తెలిసికొనవలయును.

ఎఱ్ఱకణము ప్రాణవాయువును మోయును. ఇనుమును త్రుప్పు పట్టించునదియు నీ వాయువే. మోయుచుండగా దానిలో నొకింత భాగము తీక్ష్ణరూపము దాల్చి, మోయు కణమునకే హాని చేయజూచును. దాని నణచుటకు కణములో గ్లూటాథయోన్ అను పదార్థము గలదు. ఒకమాఱు పనిచేసిన గ్లూటాథయోన్ చెల్లిపోవును. దానిని మరల సిద్ధపఱచుటకు జీ సిక్స్ పీ డీ యను ఎంజైము కావలెను. తక్కిన కణములు ఈ పనికి వేఱు దారులు చూచుకొనగలవు, కొత్త ఎంజైమును చేసికొనగలవు. ఎఱ్ఱకణమున కా శక్తి లేదు. పుట్టింటినుండి తెచ్చుకొన్న సామానుతోనే కాపురము నడుపు కోడలివలె, పుట్టుకతో వచ్చిన దానితోనే సుమారు 120 దినములు గడుపవలెను.

ఈ మర్మము మలేరియా మందు మూలమున బయటపడినది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున స్టేట్‌విల్ చెఱసాలలో ఖైదీలకు ప్రైమాక్విన్ ఇచ్చి పరీక్షించుచుండిరి. (చెఱలోనున్నవాని సమ్మతి నిజమైన సమ్మతి యగునా యని మాకు సందేహమే.) కొందఱికి మాత్రమే ఎఱ్ఱకణములు పగిలి మూత్రము నల్లబడెను. దోషము దేహములోనిదా, కణములోనిదా? అట్టివారి కణములకు గుర్తుపెట్టి ఆరోగ్యవంతుల కెక్కించి మందిచ్చి చూచిరి. పరుల దేహములోను ఆ కణములే నశించెను. 1956లో కార్సన్, ఆల్వింగ్ మొదలగువారు వానిలో ఈ ఎంజైము కొఱవడినదని తేల్చిరి.

లోకములో సుమారు 40 కోట్లమంది కీ లోపము గలదని యంచనా. పెక్కురకు జీవితమంతయు దాని జాడయే తెలియదు. ప్రైమాక్విన్, డాప్సోన్ వంటి మందులు, ఫావా చిక్కుళ్లు, నాఫ్తలీను తగిలినప్పుడు ముప్పు కలుగవచ్చును. కలరా ఉండలలో పెక్కు నాఫ్తలీనే. పసికందు దాని యావిరి పీల్చినను చాలును: ఇట్టి శిశువులను గూర్చి గ్రీసు దేశపు వైద్యులు 1963లోనే వ్రాసిరి. కామెర్లు ముదిరినచో మెదడునకు శాశ్వతహాని కలుగవచ్చును.

ఈ లోపము కొడుకులకు తల్లినుండియే సంక్రమించును, తండ్రినుండి రాదు. ఇది విని కోడలిని నిందింప జూచువారికి మేము చెప్పునది, ఆమెకును అది తన తల్లిదండ్రులనుండి వచ్చినదే యని. ఇందు తప్పెవ్వరిదియు కాదు.

కావున బిడ్డ గుడ్డలలో ఈ ఉండలు వేయకుడు. ప్రైమాక్విన్ మొదలుపెట్టుటకు ముందు రక్తపరీక్ష చేయింపుమని వైద్యు నడుగుడు. గర్భిణుల కా మందు ఈయరు. మందు వేసికొన్న పిమ్మట మూత్రము నల్లబడినచో వెంటనే మాని వైద్యుని చూడవలెను. ఒక్క మెలిక గలదు. ఎఱ్ఱకణములు పగిలిన కొత్తలో పరీక్షించిన లోపము కనబడకపోవచ్చును. ఎంజైము తఱిగిన ముదురు కణములు నశించి, లేతవి మిగిలియుండును గదా. అట్టిచో సుమారు మూడు నెలలకు పరీక్ష మరల చేయింపవలయును.