చర్మ ఆరోగ్యం: అపోహలు – వాస్తవాలు

చర్మం బయటి అంచున మృతకణాలతో ఏర్పడిన పలుచని పొర ఒకటి ఉంటుంది. ఇటుకల మధ్య సున్నం కూరినట్లు ఆ కణాల మధ్య కొవ్వు పదార్థాలు నిండి ఉండడం వల్ల ఒంటిలోని తేమ బయటికి పోదు, బయటి సూక్ష్మజీవులు సులువుగా లోపలికి చొరబడవు. ఆమ్ల, క్షార గుణాలను తెలిపే పీహెచ్ కొలమానంలో ఈ పొర విలువ సుమారు 5, అంటే స్వల్ప ఆమ్లగుణం; దీని కణాలు కొన్ని వారాలకొకసారి తమంతట తామే రాలిపోయి కొత్తవి ఏర్పడుతుంటాయి. కాబట్టి చర్మానికి ఏది పూసినా, ఏది తిన్నా, అది ఈ రక్షణ కవచానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నదే అసలైన గీటురాయి. పదార్థం వంటింటిదైనంత మాత్రాన ఆ పరీక్ష నుంచి దానికి మినహాయింపు లేదు.

అపోహ: మెడ నల్లబడడం మురికి వల్లనే, సున్నిపిండితో గట్టిగా రుద్దితే పోతుంది.

వాస్తవం: మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి, దళసరిగా మారి, సన్నని ముడతలు పడడాన్ని వైద్యశాస్త్రంలో అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రక్తంలోని చక్కెరను కణాలకు చేర్చే ఇన్సులిన్ హార్మోనుకు శరీరం సరిగా స్పందించనప్పుడు క్లోమగ్రంథి దానిని మరింతగా స్రవిస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ చర్మకణాలను అతిగా వృద్ధి చెందేలా ప్రేరేపించడమే ఈ నలుపునకు ఎక్కువ సందర్భాలలో కారణం. స్థూలకాయం ఉన్న పిల్లలలో ఇది తరచుగా కనిపిస్తుంది, ముందుముందు మధుమేహం వచ్చే ముప్పును సూచిస్తుంది. సరిగా స్నానం చేయడం లేదని పిల్లలను మందలిస్తూ పీచుతో రుద్దితే ఆ రాపిడికి నలుపు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. చేయవలసింది రక్తపరీక్ష, ఆహార నియమం, వ్యాయామం; బరువు అదుపులోకి వచ్చిన కొద్దీ మెడ రంగు కూడా క్రమంగా తేటపడుతుంది. ఇక సున్నిపిండి విషయానికొస్తే, నూనె అంటుకున్న ఒంటికి మెత్తగా జల్లించిన పెసరపిండినో శనగపిండినో లేతచేత్తో పట్టించడం జిడ్డు వదలడానికి చక్కని పద్ధతే. కీడు చేసేది పిండి కాదు, బరకదనమూ బలప్రయోగమూ.

అపోహ: నిమ్మరసం సహజమైనది కాబట్టి ముఖానికి రాసుకుంటే హాని లేకుండా రంగు తేలుతుంది.

వాస్తవం: నిమ్మరసం పీహెచ్ దాదాపు 2, అంటే చర్మపు సహజ ఆమ్లగుణం కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది. పైగా నిమ్మజాతి కాయలలో, ముఖ్యంగా వాటి తొక్కలో ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలుంటాయి. అవి అంటిన చర్మంపై ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే ఒకటి రెండు రోజులలో ఆ చోటు ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి, మానిన తరువాత కూడా నెలల తరబడి ముదురు మచ్చగా మిగిలిపోవచ్చు. బొల్లికి వాడే బావంచాలలో ఉన్నవీ ఈ కోవకు చెందిన రసాయనాలే కాబట్టి, వాటిని వైద్యుల పర్యవేక్షణ లేకుండా పూసుకుని ఎండలో కూర్చుంటే చర్మం కాలుతుంది. వంటసోడాది ఇందుకు విరుద్ధమైన దోషం: దాని క్షారగుణం చర్మపు ఆమ్లతను దెబ్బతీసి పొడిబారేలా చేస్తుంది. నిమ్మకాయకు తగిన చోటు పప్పుకూర, మజ్జిగ, పులిహోర. అందులోని సి విటమిన్ చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి తయారీకి అత్యవసరం.

అపోహ: చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుంది.

వాస్తవం: చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున నాశనం చేయడం వల్ల బొల్లి వస్తుంది; దానికి ఆహారపు జోడింపులతో సంబంధం లేదు, అది అంటువ్యాధి అంతకన్నా కాదు. చేపలను పెరుగుతో వండుకోవడం బెంగాల్‌లో సంప్రదాయ వంటకమే. పిల్లల బుగ్గలపై కనిపించే పాలిపోయిన మచ్చలను కాల్షియం లోపమనో, నులిపురుగుల వల్లనో అనుకోవడం కూడా సరికాదు. అవి చాలావరకు పొడి చర్మంపై వచ్చే పిటిరియాసిస్ ఆల్బా మచ్చలు, తేమనిచ్చే లేపనాలతో క్రమంగా తగ్గుతాయి.

అపోహ: మొటిమలకు నూనె పదార్థాలు, ముఖంపై మురికి మాత్రమే కారణం.

వాస్తవం: యౌవనంలో హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు అధికంగా స్రవించడం, రోమకూపాలు మూసుకుపోవడం, అక్కడ బ్యాక్టీరియా పెరిగి వాపు రావడం మొటిమలకు మూలం. నల్లమచ్చల్లా కనిపించే బ్లాక్‌హెడ్లలోని నలుపు గాలి తగిలి రంగు మారిన మెలనిన్‌దే కానీ మురికిది కాదు. ఆహారం పాత్ర లేకపోలేదు: రక్తంలో చక్కెరను త్వరగా పెంచే ఆహారాన్ని తగ్గించిన యువకులలో 12 వారాలకు మొటిమలు తగ్గినట్లు 2007లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధన చూపింది. అందువల్ల బజ్జీని మాత్రమే దోషిగా నిలబెట్టడం కంటే మైదా, తీపి పానీయాలు, మిఠాయిలు తగ్గించి పప్పు, కూరగాయలు పెంచడం మేలు.

అపోహ: నల్లని చర్మానికి ఎండ నుంచి రక్షణ అక్కరలేదు.

వాస్తవం: మెలనిన్ సహజమైన గొడుగే అయినా పూర్తి రక్షణ ఇవ్వదు, మంగు మచ్చలు ముదరడానికి ఎండే ప్రధాన కారణాలలో ఒకటి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్‌ను తగినంత మందంగా పూస్తే చర్మాన్ని కమిలించే కిరణాలలో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. కొబ్బరినూనె ఆ పని చేయదు. గొడుగు, తలపాగా, నిండు చేతుల నూలు దుస్తులు, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండడం ఖర్చులేని రక్షణలు.

అపోహ: నీళ్లు ఎక్కువ తాగి, ఏదో ఒక ప్రత్యేకమైన పండు తింటే చర్మం మెరుస్తుంది.

వాస్తవం: దాహం తీరేంత నీరు అవసరమే కానీ, ఒంటిలో నీటి కొరత లేనివారు అదనంగా తాగినందువల్ల చర్మం తేమగా మారుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. ఏ ఒక్క ఆహారమూ చర్మాన్ని కాపాడలేదన్న సత్యానికి తెలుగునేలే సాక్ష్యం. జొన్నలే ప్రధానాహారంగా బతికిన తెలంగాణ పేదలలో ఒకప్పుడు పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. నయాసిన్ అనే బి విటమిన్ కొరతతో వచ్చే ఆ వ్యాధిలో మెడ చుట్టూ, చేతులపై ఎండ తగిలిన మేర చర్మం నల్లగా మాడి పొలుసులు కట్టేది. నేటి జాతీయ పోషకాహార సంస్థగా హైదరాబాదులో ఉన్న పరిశోధనాలయం నుంచి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని ప్రతిపాదించారు. తప్పు జొన్నది కాదు, జొన్న తప్ప మరొకటి లేని పేదరికానిది. పప్పులు, ఆకుకూరలు, పాలు, గుడ్లు, వేరుశనగలు, ఉసిరి, జామ వంటివి కలగలిసిన భోజనమే చర్మానికి కావలసిన మాంసకృత్తులను, కొవ్వులను, విటమిన్లను అందిస్తుంది.

అపోహ: తెల్లబడడమే చర్మారోగ్యానికి గుర్తు.

వాస్తవం: చర్మపు రంగు ప్రధానంగా వంశపారంపర్యం; ఆరోగ్యానికి అది కొలబద్ద కాదు. ఈ అపోహే అన్నింటికంటే ఎక్కువ హాని చేస్తున్నది. వైద్యుల చీటీ లేకుండా కొని నెలల తరబడి ముఖానికి రాసే స్టెరాయిడ్ క్రీముల వల్ల చర్మం పలుచబడి, రక్తనాళాలు బయటికి కనిపించి, వాటి వాడకం మానగానే మంట, ఎరుపు తిరగబెడతాయి. కొన్ని తెలుపు క్రీములలో కలిపే పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2013లో కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం అటువంటి ఉత్పత్తుల నిషేధానికి పూనుకున్నది అందుకే.

గాఢత లేని సబ్బుతో స్నానం, తడి ఆరకముందే ఒంటికి పలుచగా కొబ్బరినూనె (మొటిమలున్న ముఖానికి మాత్రం వద్దు), ఎండ నుంచి రక్షణ, కలగలుపు భోజనం, చాలినంత నిద్ర: ఇవి సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉన్న సంరక్షణ మార్గాలు. మచ్చ వ్యాపిస్తున్నా, దురద తగ్గకపోయినా, పుండు మానకపోయినా చిట్కాల కోసం వెతకక చర్మవైద్యుని సంప్రదించడం కర్తవ్యం. చర్మం తనను తాను బాగుచేసుకోగల అవయవం. దానికి తగిన పోషణనిచ్చి, ఆ పనికి అడ్డురాకుండా ఉండడమే నిజమైన సహజ సంరక్షణ.