కుంచె పట్టిన చరిత్రకారుడు – జగదీశ్ మిత్తల్

చిత్రకారుడు వేరు, చిత్రకళాచరిత్ర రచించేవాడు వేరు అని మనలో పలువురి అభిప్రాయం. ఆ రెండు పనులూ ఒకే చేత సాగిన సందర్భాలు లేకపోలేదు. రోమ్ నగరంలో జొవాన్ని బాల్యోనే (1566–1643) బరోక్ శైలి తొలినాళ్లలో చిత్రాలు రచిస్తూనే, తన కాలపు కళాకారుల జీవితచరిత్రలను 1642లో గ్రంథంగా వెలువరించాడు. తనను హేళన చేస్తూ పద్యాలు ప్రచారం చేశాడని 1603లో ఎవరిపై దావా వేశాడో, ఆ కారవాజ్జో జీవితం కూడా అందులో ఉంది! నేడు బాల్యోనే చిత్రాలకన్న ఆ గ్రంథమే ఎక్కువగా స్మరింపబడుతున్నది.

మన ప్రాంతంలో ఆ కోవకు చెందినవారు జగదీశ్ మిత్తల్. 1925లో ఝాన్సీలో జన్మించి, శాంతినికేతన కళాభవనంలో చిత్రలేఖనం అభ్యసించి, 1950ల ఆరంభంలో హైదరాబాదు చేరి అక్కడే స్థిరపడ్డారు. సతీమణి కమల కూడా చిత్రకారిణియే. ఆంధ్ర రామాయణ చిత్రాలపై ఆయన గ్రంథం 1969లో వెలువడింది. దంపతులు సేకరించిన కళాఖండాలు 1976లో ఒక ట్రస్టు అధీనమై మ్యూజియంగా రూపొందాయి. 1990లో పద్మశ్రీ లభించింది. 2025లో మరణించారు.

బాల్యోనేకు తాను వర్ణించిన కళాకారులలో పలువురు ఎరిగినవారే. దక్కనీ చిత్రాల సంగతి అట్లా కాదు. వాటిలో అధికభాగంపై చిత్రకారుని పేరుండదు, ఊరుండదు. తలపాగా చుట్టు, ఆభరణాల తీరు, అంచుల అలంకరణ, రంగుల పొందిక, రేఖ నడక – ఇవే సాక్ష్యాలు. అకీకు రాతితో కాగితానికి మెరుగు పెట్టడం, ఉడుత వెంట్రుకల కుంచెతో సన్నని గీత లాగడం ఎంత శ్రమయో స్వయంగా రంగు కలిపినవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. మిత్తల్ గారి రచనలకు గల బలం అదేనని నా నమ్మకం.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 1687లో గోల్కొండ పతనమైన తరువాత దక్కనీ చిత్రకళ చిన్న చిన్న సంస్థానాలలో కొనసాగింది. కర్నూలు నవాబుల కాలపు చిత్రాలుగా పండితులు గుర్తించినవి దేశవిదేశాల సేకరణలలో ఉన్నాయి. 1839లో ఆ నవాబుల పాలన ముగిసింది. కొండారెడ్డి బురుజు నీడన పెరిగిన మన విద్యార్థులలో ఎందరు ఈ ఊరి పేరుతో ఒక చిత్రశైలి ఉన్నదని విన్నారు? నేనే ఎం.ఏ. ముగించిన చాలాకాలానికి విన్నాను. అదీ ఒక గ్రంథంలో, నలుపు తెలుపు అచ్చుబొమ్మ క్రింద, కర్నూలు అన్న ఒక్క మాటగా.